ఎండకి ఓర్పు మందు కాదు

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. రాతి సంగతే అలా ఉంటే ఇక మనుషుల మాట చెప్పేదేముంది? అయితే ఈ మధ్య ఎండలు రోహిణి కార్తె దాకా ఆగడం లేదు. ఉగాది పచ్చడి తినకముందే కొళాయిలో నీళ్ళు వేడిగా వస్తున్నాయి. అక్కడినుంచి మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడేదాకా, దాదాపు మూడు నెలలపాటు, మన ఇళ్ళల్లో ప్రతి పనీ ఎండని అడిగి చేయాల్సి వస్తోంది. పాలు ఎన్నిసార్లు కాచాలి, పిల్లల్ని ఏ వేళకి బయటికి పంపాలి, చుట్టాలింట్లో పెళ్ళికి వెళ్ళాలా మానాలా, అన్నిటికీ ఆ మూడు నెలలూ ఎండదే పెత్తనం.

ఎండని గురించి మాట్లాడటానికి నాకున్న అర్హత ఒక్కటే. మా పుట్టిల్లు పల్నాడులో రెంటచింతలకి దగ్గర పల్లెటూరు. నా చిన్నప్పుడు రేడియోలో వార్తల చివర "అత్యధిక ఉష్ణోగ్రత రెంటచింతలలో" అని చదివితే, మా ఊరికేదో బహుమతి వచ్చినట్టు సంబరపడేవాళ్ళం. పెళ్ళయి హైదరాబాదు వచ్చాక ఇక్కడివాళ్ళు ఉస్సురంటూ ఉంటే "ఇదీ ఒక ఎండేనా?" అని నవ్వేదాన్ని. ఆ గొప్పలు ఎలా పోయాయో మీకు చెప్పాలనే ఇవాళ ఇక్కడికొచ్చాను.

ముందు, అసలు ఎండ మన ఒంటిని ఏం చేస్తుందో చూద్దాం. మన ఒంట్లో వేడి 37 డిగ్రీలకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. చర్మం అంతకంటే రెండు డిగ్రీలు చల్లగా ఉంటుంది. బయట గాలి చల్లగా ఉన్నంతసేపూ ఒంట్లో వేడి దానంతట అదే బయటికి పోతుంది. గాలి చర్మంకన్నా వేడెక్కిందనుకోండి, ఆ దారి మూసుకుపోతుంది. ఎదురు వేడే లోపలికి వస్తుంది. అప్పుడిక మనకి మిగిలింది చెమట ఒక్కటే. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. కుండలో నీళ్ళు చల్లబడేది కూడా ఈ విధంగానే కదా? మట్టిలోంచి కాస్త నీరు బయటికి ఊరి, ఆరిపోతూ లోపలి నీళ్ళని చల్లారుస్తుంది. గాలి పొడిగా ఉంటే కుండ బాగా పనిచేస్తుంది, మబ్బుపట్టి ఉక్కగా ఉంటే పనిచేయదు. మన ఒళ్ళూ అంతే. అందుకనే విజయవాడలో, విశాఖపట్నంలో 38 డిగ్రీలకే ప్రాణం విసిగిపోతుంది.

అయితే హైదరాబాదు, అనంతపురం, కర్నూలు వంటి ఊళ్ళలో ఉండే పొడి ఎండలో ఇంకో మోసం ఉంది. చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. జాకెట్టు తడవదు, నుదుటిమీద బొట్టు చెదరదు. "నాకసలు చెమటే పట్టలేదండీ" అనుకుంటాం. లోపల మాత్రం ఒంట్లో నీరూ, ఉప్పూ పోతూనే ఉంటాయి. ఎండలో ఒళ్ళు వంచి పనిచేసే మనిషికి గంటకి లీటరు దాకా పోవచ్చు. కుండలో నీళ్ళు అయిపోయాక ఇక చల్లబడటానికేముంది? వడదెబ్బంటే అదే.

రేడియోలో "43 డిగ్రీలు" అని చెప్పినప్పుడు ఇంకొక్కమాట గుర్తుంచుకోవాలి. అది గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో, నీడపట్టున పెట్టిన థర్మామీటరు చెప్పిన లెక్క. ఎండలో నడిచే మనిషికి, డాబామీద బట్టలారేసే మనిషికి, పొయ్యిముందు నిలబడ్డ మనిషికి ఆ లెక్క చాలదు.

ఇక అసలు సంగతికి వస్తాను. 2015వ సంవత్సరం మే నెల మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ నెల చివరి రోజుల్లో వీచిన వడగాడ్పులకి దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణవారే. అంతకు ముందు 2003లో కూడా మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా పోయారు. పేపర్లో ఆ వార్తలు చదివి "అయ్యో, పాపం" అనుకున్నాం. పోయినవాళ్ళంతా కూలీలు, ముసలివాళ్ళు, ఎక్కడో వాళ్ళు అనుకున్నాను నేను.

మా ఇంట్లో అంట్లు తోమడానికి పాలమూరు నుంచి వచ్చి స్థిరపడిన ఒకామె వచ్చేది. అప్పటికి ఆరేళ్ళుగా చేస్తోంది. రోజూ మధ్యాహ్నం రెండింటికి రమ్మని నేనే చెప్పాను. ఎందుకంటే ఒంటిగంటన్నరకి మా భోజనాలవుతాయి. అంట్లు బయటపడితే నేను కాసేపు నడుం వాల్చవచ్చు. అదీ నా లెక్క. ఆమె అప్పటికే మూడిళ్ళు చేసుకుని, ఎండనపడి నడిచి వచ్చి, మా పడమటి బాల్కనీలో కూర్చుని తోమేది. మధ్యాహ్నం తిరిగాక ఆ బాల్కనీ మీదికే ఎండ నేరుగా వస్తుంది.

ఆ రోజు గిన్నెల చప్పుడు మధ్యలో ఆగిపోయింది. వెళ్ళి చూస్తే గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. "తల తిరుగుతుందమ్మా" అంది. సరే, కాసేపు కూర్చోమన్నాను. నాలుగు నిమిషాల తర్వాత నన్ను వాళ్ళమ్మాయి పేరుపెట్టి పిలిచి, ఏదో సంబంధంలేని మాట మాట్లాడింది. చేయి పట్టుకుంటే పెనంలాగా కాలిపోతోంది. చెమట చుక్క లేదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. గ్లాసుతో నీళ్ళు తెచ్చి నోట్లో పోయబోయాను. ఆమె మింగలేకపోయింది, నీళ్ళు పక్కకి కారిపోయాయి.

అదృష్టవశాత్తూ పైవాటాలో ఒక రిటైరైన నర్సుగారున్నారు. నా కేక విని పరుగెత్తుకొచ్చి, ముందు నా చేతిలో గ్లాసు లాగేసుకున్నారు. "తెలివి లేని మనిషికి నోట్లో నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి" అన్నారు. ఇద్దరం ఆమెని మోసుకుని బాత్రూములోకి తీసుకెళ్ళాం. కొళాయి తిప్పితే డాబామీది ట్యాంకులోంచి సలసల కాగే నీళ్ళు వచ్చాయి! కుండలో నీళ్ళు, ఫ్రిజ్జులో సీసాలు, ఉన్నవన్నీ తెచ్చి ఒంటిమీద పోశాం. మెడమీద, చంకల్లో, గజ్జల్లో తడి తువ్వాళ్ళు పెట్టి విసురుతూ కూర్చున్నాం. మావారు 108కి ఫోను చేశారు. ఆసుపత్రిలో మూడు రోజులుంది. బతికింది. ఒళ్ళు చల్లబరచకుండా ఆసుపత్రి కోసం ఎదురుచూస్తూ కూర్చుని ఉంటే మనిషి దక్కేది కాదన్నారు డాక్టరుగారు.

ఆమె తిరిగి వచ్చాక అడిగాను, "ఏమమ్మా, మంచినీళ్ళు ఎప్పుడడిగినా కాదన్నానా? ఎందుకు తాగలేదు?" అని. కొంచెంసేపు ఊరుకుని, "నీళ్ళు తాగితె బయటికి పోవాలె గదమ్మా. ఏడికి పోవాలె?" అంది.

నేను జవాబు చెప్పలేకపోయాను. మా ఇంట్లో రెండు బాత్రూములున్నాయి. వాటిని ఆరేళ్ళుగా ఆమే కడుగుతోంది. వాడుకోవచ్చునని నేనెప్పుడూ అనలేదు, ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆమె చేసే నాలుగిళ్ళలోనూ ఇదే సంగతి. అందుకని పొద్దున్న ఇంట్లో బయల్దేరినప్పటినుంచీ మళ్ళీ ఇల్లు చేరేదాకా చుక్క నీళ్ళు ముట్టకుండా అలవాటు చేసుకుంది. నీళ్ళిచ్చాను కాబట్టి నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను. తాగే వీలు ఆమెకి ఉందా లేదా అని ఆలోచించలేదు.

ఆ తర్వాత చుట్టూ చూస్తే ఇలాంటివాళ్ళు ఎందరో కనిపించారు. బట్టల షాపుల్లో రోజంతా నిలబడే అమ్మాయిలు, మార్కెట్లో కూరలమ్మే ఆడవాళ్ళు, ఆఖరికి మన సొంత ఆడపిల్లలు. స్కూల్లో బాత్రూము బాగుండదని పొద్దున్న నింపి ఇచ్చిన నీళ్ళసీసా సాయంత్రం అలాగే తిరిగి తెచ్చే పిల్లలు మీ ఇళ్ళల్లో లేరూ? సీసా బరువు చూసి కోప్పడతాం గాని, కారణం అడగం. ఎండాకాలంలో ఇలా ఉగ్గబట్టుకుని ఉండటంవల్ల మూత్రంలో మంట, చీము, కిడ్నీల్లో రాళ్ళు వస్తాయి. కాబట్టి అడగండి. అవసరమైతే నలుగురు తల్లులు కలిసి స్కూలుకి వెళ్ళి మాట్లాడండి.

అప్పుడే నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది. మా ఊరి ఎండ గురించి గొప్పలు చెప్పుకున్నాను గాని, ఆ ఎండలో మా అమ్మ ఇల్లెలా నడిపిందో మరిచిపోయాను. మా అమ్మ తెల్లవారుజామున లేచి, ఎండ వాకిట్లోకి వచ్చేలోపల వంట ముగించేది. పది దాటితే పొయ్యిలో నిప్పుండేది కాదు. కూలివాళ్ళు చీకటితో పొలానికి వెళ్ళి పదకొండింటికల్లా ఇళ్ళకి చేరేవాళ్ళు. మధ్యాహ్నం పూట మా వీధిలో కుక్క కూడా కదిలేది కాదు. సాయంత్రం వాకిట్లో నీళ్ళు చల్లి, నులకమంచాలు వాల్చాక మళ్ళీ ఊరు లేచేది. మా వాళ్ళు ఎండని ఓర్చుకోలేదండీ, ఎండ వేళకి తప్పుకున్నారు. మనకి పట్నంలో గడియారాలు ఎక్కువయ్యాయి. ఎండ ఎంత కాసినా ఆఫీసు వేళ మారదు, మన పనివేళ మారదు. ఆ మారని వేళల బరువంతా ఎవరో ఒకరి నెత్తిన పడుతోంది.

అందుకని మా ఇంట్లో ముందు గడియారం మార్చాం. ఇప్పుడు ఎండాకాలంలో ఆమె పొద్దున్న ఆరున్నరకే వస్తుంది. మధ్యాహ్నం అంట్లు నీళ్ళు చిలకరించి పెడితే సాయంత్రందాకా ఉంటాయి, వాటికేం తొందర లేదు. రాగానే బాత్రూము ఎక్కడో చూపించాను, వెళ్ళేముందు ఉప్పు వేసిన మజ్జిగ ఇస్తున్నాను. మా వాటాలవాళ్ళందరం కూర్చుని, కింద వాచ్‌మన్ గది పక్కన మూతపడి ఉన్న బాత్రూముకి తాళం తీయించాం. గేటు దగ్గర నీడలో మూత, గరిటె ఉన్న కుండ పెట్టించాం. పార్సిళ్ళు తెచ్చే కుర్రవాళ్ళూ, చెత్త తీసుకెళ్ళేవాళ్ళూ అందులో తాగుతారు. దీనికంతా అయిన ఖర్చు ఒక పట్టుచీర అంచు ఖరీదు కూడా కాదు.

ఇక మన వంటింటి సంగతి. ఇంట్లో అన్నిటికన్నా వేడిగా ఉండేది ఆ గదే. గ్యాసు ఆరిపోతుందని ఫ్యాను వేసుకోం. ఏసీ ఉన్న ఇళ్ళల్లో కూడా అది పడగ్గదిలో ఉంటుంది గాని వంటింట్లో ఉండదు. కాబట్టి ఎనిమిదింటికల్లా పొయ్యి కట్టేసేలా చూసుకోండి. పప్పు ముందుగా నానబెడితే త్వరగా ఉడుకుతుంది. ఒక కూర, ఒక పెరుగుపచ్చడి, దోసకాయ ముక్కలు, మజ్జిగ చాలు. నాలుగు రకాలు లేకపోతే భోజనం కాదనే మావారు కూడా రెండేళ్ళకి అలవాటుపడ్డారు. రాగి అంబలి, రాత్రి పాలల్లో తోడేసిన చద్దన్నం పాతకాలపువని నామోషీ పడకండి. వండిన కూర ఇంత ఎండల్లో గంటకి మించి బయట ఉంచకండి. కరెంటు పోయి ఫ్రిజ్జు ఆగితే మాటిమాటికీ తలుపు తీయకండి.

తాగేవాటిలో మంచినీళ్ళు, మజ్జిగ, నిమ్మకాయనీళ్ళు, కొబ్బరినీళ్ళు, సబ్జాగింజల నీళ్ళు మంచివి. షాపులో దొరికే తియ్యని కూల్‌డ్రింకులు దాహం తీర్చవు. నీరసించినవాళ్ళకి ఓఆర్ఎస్ పొట్లం లీటరు నీళ్ళలో కలిపి ఇవ్వండి. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు. చెంచా అంటే టీచెంచా, గోపురంగా కాకుండా సమంగా. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. షుగరు, బి.పి., గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు మాత్రం ఉప్పూ, పంచదారల విషయం డాక్టరునడిగే తీసుకోవాలి.

ఇంట్లో పెద్దవాళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వయసు మీదపడ్డకొద్దీ దాహం తెలియడం తగ్గిపోతుంది. "దాహంగా ఉందా అత్తయ్యా?" అని అడిగితే "ఏం వద్దులేమ్మా" అంటారు. రాత్రి లేవాల్సి వస్తుందని కూడా వద్దంటారు. అడగకుండా గ్లాసు చేతికివ్వండి. బి.పి. కోసం నీళ్ళు పోయే మాత్రలు వేసుకుంటున్నవాళ్ళుంటే, ఎండలు ముదరకముందే డాక్టరుతో ఒకమాట చెప్పండి. పిల్లలకి సెలవులివ్వగానే మనం ఊళ్ళకి బయల్దేరుతాం, పెద్దవాళ్ళు ఇంటిదగ్గర ఉండిపోతారు. 2003 ఆగస్టులో ఫ్రాన్సు దేశంలో ఎండలకి దాదాపు 15 వేలమంది చనిపోయారు. అందులో చాలామంది 75 ఏళ్ళు దాటినవాళ్ళు. అక్కడ అది సెలవుల నెల. ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళని పలకరించే దిక్కు లేకపోయింది. అంత చల్లని దేశంలో, అంత డబ్బున్న దేశంలో జరిగిందది. కాబట్టి మీరు ఊరెళితే రోజుకి రెండుసార్లు ఫోను చేయండి, పక్కింటివాళ్ళకి చెప్పి వెళ్ళండి.

గది తలుపులన్నీ మూసి ఫ్యాను వేసుకుంటే చల్లగా ఉంటుందనుకుంటాం. 40 డిగ్రీలు దాటాక పొడిగాలిలో ఫ్యాను వేడినే మనమీదికి విసురుతుంది. తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుంటూ ఉంటే మేలు. కూలరు వేస్తే కిటికీ తెరిచి ఉంచాలి, లేకపోతే గది ఉక్కపోస్తుంది. పడమటి కిటికీలకి వట్టివేళ్ళ తడికలో, మందపాటి తెరలో పగలంతా వేసి, చీకటిపడ్డాక తీసేయండి. మన కాంక్రీటు కప్పులు పగలు తాగిన వేడిని రాత్రంతా కక్కుతాయి. వేసవికి ముందు డాబామీద తెల్లసున్నం వేయిస్తే లోపల రెండు మూడు డిగ్రీలైనా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఈ చల్లని కప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది. సున్నం బకెట్టుకి ప్రభుత్వం దాకా ఎందుకు, మనమే వేయించుకోవచ్చు.

ఇక నీళ్ళు. హైదరాబాదు ప్రజల దాహం తీర్చడానికి 1920లో పూర్తయిన గండిపేట చెరువు ఒకప్పుడు చాలింది. ఇప్పుడు కృష్ణానీళ్ళూ, గోదావరినీళ్ళూ వందకి పైగా కిలోమీటర్ల నుంచి పంపులతో ఎత్తి తెస్తున్నారు. 2019లో చెన్నైకి జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తోలారు. ఇంత దూరం ప్రయాణం చేసి వచ్చిన నీళ్ళతో మనం కారు కడుగుతున్నాం! బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకి పోయండి. నీళ్ళు శుభ్రంచేసే మిషను వదిలేసే నీళ్ళు బకెట్టులో పట్టి గచ్చు కడగండి. ట్యాంకరు వస్తుందో రాదోనని డ్రమ్ముల్లో నింపి పెట్టుకునేవాళ్ళు మూతలు గట్టిగా పెట్టాలి. వారానికోసారి ఖాళీచేసి, గోడలు రుద్ది కడగాలి. డెంగ్యూ దోమ అలాంటి నిలవనీళ్ళలోనే గుడ్లు పెట్టి, వారం పదిరోజుల్లో పిల్లల్ని లేపుతుంది.

ఆఖరుగా వడదెబ్బ గుర్తులు మరొక్కసారి చెప్తాను. తలనొప్పి, వాంతి, కండరాలు పట్టేయడం, కళ్ళు తిరగడం మొదట్లో వస్తాయి. అప్పుడే నీడకి చేర్చి, నీళ్ళు తాగించి, పడుకోబెట్టాలి. మాట తడబడినా, మనిషిని పోల్చుకోలేకపోయినా, ఒళ్ళు కాలిపోతున్నా అది ప్రాణం మీదికి వచ్చినట్టే. 108కి ఫోను చేయండి. ఆ బండి వచ్చేదాకా నీళ్ళు పోస్తూ, విసురుతూనే ఉండండి. జ్వరం మాత్రలు దీనికి పనిచేయవు.

ఎండని తిట్టుకోవాలని నేను చెప్పడం లేదు. ఆ ఎండే లేకపోతే మనకి ఆవకాయ లేదు, గుమ్మడి వడియాలు లేవు, ఊరమిరపకాయలు లేవు. సాయంత్రం మల్లెపూలు, తాటిముంజెలు అన్నీ ఆ ఎండ ఇచ్చినవే. వడియాలు ఎండలో పెట్టాలి, మనుషుల్ని నీడలో పెట్టాలి. ఇన్నాళ్ళూ ఆడదానికి ఓర్పే భూషణమని చెప్పి, అన్నిటినీ ఓర్చుకోమన్నారు మనల్ని. మనం మన కింద పనిచేసేవాళ్ళని ఓర్చుకోమన్నాం. మరి దేనికైనా ఓర్పు పనికొస్తుందేమో గాని, 44 డిగ్రీల ఎండకి మాత్రం పనికిరాదు.

ఈ ప్రసంగం ముగిశాక ఒక్క పని చేయండి. మీ ఇంటికి వచ్చే పాలవాడు, చాకలి, పనిమనిషి, ట్యూషను మాస్టారు, ఎవరెవరు ఏ వేళకి వస్తున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. పన్నెండుకీ నాలుగుకీ మధ్య ఎన్ని పేర్లున్నాయో చూడండి. అందులో ఎన్ని వేళలు మీరు చెప్పినవో కూడా చూడండి. ఆ పేర్లలో మీ పేరు కూడా ఉంటే దాన్ని ముందు మార్చుకోండి.